బావ కొట్లో కొన్న కార్డు

తిరుత్తణిలో పుట్టువెంట్రుకలకూ చెవులు కుట్టే వేడుకలకూ ఫొటోలు తీసే రాజామణి కొత్త మెమరీ కార్డును నేరుగా పనికి తీసుకుపోదు. ముందు దాన్ని వీడియోలతో నింపి, మొదటిదీ నడిమిదీ చివరిదీ తెరిచి చూస్తుంది. పెద్ద కార్డు ఒకటి కంటే చిన్నవి రెండు మేలని ఆమె లెక్క. బిల్లు ఇవ్వనివాడి దగ్గర కొనదు. మగ్గం పక్కన పెరిగిన మనిషి. పోగు తెగితే అప్పుడే తెలియాలి గాని చీర దిగాక కాదు.

ఆ పట్టుదలను ఒక్కసారి సడలించింది. అక్క మొగుడు దేవేంద్రన్‌కు తిరువళ్ళూరు బస్టాండు పక్కన సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. ఇంటి కొట్టు వదిలి బయట కొంటోందని అక్క చేత దెప్పిపొడిపించాడు. సరేనని అతని దగ్గరే కార్డు కొని పరీక్షించబోతే, అది తనకు అవమానమన్నాడు. రాజామణి పరీక్షించకుండానే సంచిలో వేసుకుంది.

ఆ కార్డుతోనే కే.జీ.కండిగైలో మునికృష్ణ కూతురు అభినయ వేడుక తీసింది. గుండు గీసి గంధం పూసేదాకా బొమ్మలు బాగున్నాయి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి చెవులు కుట్టినవన్నీ ఇంటికొచ్చి తెరిస్తే బూడిదరంగు పలకలే.

"మళ్ళా కూర్చోబెట్టి కుట్టలేం గదమ్మా," అన్నాడు మునికృష్ణ. చుట్టుపక్కల రైతుల ఇళ్ళన్నీ ఆయన చుట్టాలవే. తప్పు ఎవరిదో తేలేదాకా, ఫొటోలకు ఆమెను పిలవమని ఎవరికీ చెప్పనన్నాడు.

దేవేంద్రన్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆయుధపూజనాడు రాజామణి అమ్మ కెమెరాతో పాటు కార్డుకూ గంధం బొట్టు పెట్టింది, అదీ బంగారు గీతలున్న వైపు. రాజామణి వెంటనే తుడిచింది. కానీ కార్డు గంధంతోనే చెడిందని దేవేంద్రన్ చుట్టాలందరికీ నవ్వుతూ చెప్పాడు. గంధం అంటితే కార్డు అసలే తెరుచుకోదనీ, ముందు సగం బాగుండి వెనక సగం పోదనీ ఆమె అంటే వినేవాళ్ళు లేరు.

ఆమె మునికృష్ణను వెంటబెట్టుకుని, ల్యాప్‌టాప్ సంచితో కొట్టుకు వచ్చింది.

"ఏమ్మే, పూజ చేసిన కార్డు తెచ్చినావా? హారతి ఇయ్యల్నా?" అన్నాడు దేవేంద్రన్.

"అదొద్దు బావా. ఆ పొద్దు నాకిచ్చిన సరుకులోదే, సీలు తియ్యనిది ఒకటియ్యి. దానికి మాయమ్మ బొట్టు పెట్టలే."

కొనేవాళ్ళు ఇద్దరు నిలబడి వింటున్నారు. కాదంటే బాగుండదు. ప్యాకెట్టు తీసి గల్లాబల్ల అద్దం మీదికి విసిరాడు. రాజామణి దాన్ని మునికృష్ణ చేతనే చింపించింది.

ల్యాప్‌టాప్‌లోని వీడియోలతో కార్డు నిండడానికి మధ్యాహ్నమైంది. ఆ లోపల దేవేంద్రన్ ఆమె వైపు ఫ్యాను ఆపాడు. స్టూలు తనకు కావాలని లాక్కున్నాడు. టీ తెప్పించి మునికృష్ణకు మాత్రమే ఇచ్చాడు, ఆయన ముట్టలేదు.

కార్డు నిండిందని తెర మీద పడింది. మొదటి వీడియో ఆడింది. నడిమిది తెరుచుకోలేదు. దాని తరువాతివి ఏవీ తెరుచుకోలేదు. పైన రాసినంత చోటు లోపల లేని నకిలీ కార్డు.

"ల్యాప్‌టాపే కోళారు, చెడిపోయుండాది," అన్నాడు దేవేంద్రన్.

ఆమె అవే వీడియోలున్న తన పాత కార్డు పెట్టి, చివరిదాకా ఆడించింది.

"అంత తెలిసినదానివి, ముందే యాల చూసుకోలే?"

"నువ్వొద్దంటివి. నేను విన్నా," అని మునికృష్ణ వైపు తిరిగింది. "అది నా తప్పేన్నా."

మునికృష్ణ కార్డు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. దాన్ని ఇమ్మని దేవేంద్రన్ చెయ్యి చాపాడు. "కండిగైలో అడిగినోళ్ళకు చూపించాల," అని ఆయన మెట్లు దిగాడు.

"ఇంక మా గడప తొక్కొద్దు," అన్నాడు దేవేంద్రన్ మరదలితో.

బస్టాండులో మునికృష్ణ, రెండో పాపకు సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో చెవులు కుట్టిస్తామనీ, ఆమే రావాలనీ, చుట్టాలు ఇచ్చినవేవీ వెంట తేవద్దనీ చెప్పాడు. అంతలో అక్క ఫోను. మొగుణ్ణి బజార్లో నిలబెట్టినావంట గదా అని మొదలుపెట్టింది. రాజామణి మొత్తం విని, అవునంది.