లేసు సంఘం కంప్యూటర్‌కి ముందు తెర

2004 జనవరిలో నన్ను రాజమండ్రిలోని ఒక సాంకేతిక శిక్షణ కేంద్రంలో డెస్క్‌టాప్ విభాగానికి బాధ్యుడిగా వేశారు. హోదా సీనియర్ సిస్టమ్స్ అనలిస్టు. నా కింద నలుగురు ప్రోగ్రామర్లు, ఆరు పాత కంప్యూటర్లు, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. చిన్న సంఘాలకీ, గ్రంథాలయాలకీ, బడులకీ ఉచితంగా ఇవ్వడానికి తెలుగు మెనూలతో ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డెస్క్‌టాప్‌ని ఒకే సీడీలో పట్టించడం మాకు అప్పగించిన పని. లినక్స్ మీద నడిచే ఆ వ్యవస్థని మేం రాయలేదు. దేశదేశాల వాళ్ళు రాసిపెట్టిన ముక్కల్లోంచి ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడమే మా ఉద్యోగం. వినడానికి తేలిగ్గానే ఉంటుంది. పెళ్ళికి వంటల జాబితా రాయడం కూడా వినడానికి తేలికే.

తేల్చవలసిన వాటిలో ఒకటి లాగిన్ మేనేజర్. కంప్యూటర్ వేయగానే మీరెవరు, మీ పాస్‌వర్డ్ ఏమిటి అని అడిగే మొదటి తెర ఉంటుంది కదా, దాన్ని నడిపే ప్రోగ్రామ్ అన్నమాట. వచ్చిన మనిషిని గుర్తుపట్టి, ఆ మనిషి ఫైళ్ళున్న ఫోల్డర్ తెరిచి లోపలికి పంపడం దాని పని. ఇలాంటివి సీడీలో ఎన్నయినా పెట్టవచ్చు గానీ, ఎవరూ ఏమీ మార్చకపోతే తనంతట తాను వచ్చేది ఒక్కటే. దాన్ని డిఫాల్ట్ అంటాం.

మా ముందు మూడున్నాయి. ఎక్స్‌డీఎం అన్నిటికన్నా పాతది. పేరుకో గడి, పాస్‌వర్డ్‌కో గడి, అంతకుమించి హంగు లేదు, మెమరీ చాలా తక్కువ తీసుకుంటుంది. కేడీఎం చూడ్డానికి బాగుంటుంది, కానీ అది మేం ఎంచుకోని మరో డెస్క్‌టాప్ కుటుంబానికి చెందినది. దాన్ని పిలిస్తే దాని చుట్టాలందరూ సీడీ ఎక్కి కూర్చుంటారు. మూడోది జీడీఎం. తెలుగు అక్షరాలని వత్తులతో సహా సరిగ్గా చూపిస్తుంది, వాడేవాళ్ళ పేర్లనీ, పక్కన ఒక్కో బొమ్మనీ జాబితాగా తెరమీద పెడుతుంది. మెమరీ మాత్రం బాగా తింటుంది.

మా సుబ్బరాజు జీడీఎం పెడదామన్నాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న కుటుంబం నుంచి వచ్చిన ప్రోగ్రామరు. మాట మెత్తన, పట్టు గట్టి. పేరు టైపు చేయక్కర్లేకుండా జాబితాలో నొక్కితే చాలు కదండీ అని అతని వాదన. నేను ఒప్పుకోలేదు. పాత మిషన్లు బరువు మొయ్యలేవన్నాను. ఇంట్లో ఎవరెవరున్నారో గుమ్మం మీద రాసిపెడతామా అని కూడా అన్నాను. ఆ రోజుల్లో నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఎంపిక పత్రంలో ఎక్స్‌డీఎం అని రాసి సంతకం పెట్టేశాను. విభాగాధిపతి సంతకం పడ్డాక చర్చ ఉండదు.

మొదటి ప్రయోగానికి నరసాపురంలో ఒక మహిళల లేసు సంఘాన్ని ఎంచుకున్నాం. సంఘంలో లేసు అల్లేవాళ్ళు ఎనిమిదిమంది. లేసు నమూనాని గళ్ళ కాగితం మీద గీస్తారు. నిండు గడి అంటే అల్లిక, ఖాళీ గడి అంటే సందు. అదే గళ్ళు కంప్యూటర్‌లో పెట్టి ఇచ్చాం. ఎనిమిదిమందికీ ఒకటే మిషను, ఎవరి పేరు వాళ్ళది, ఎవరి ఫోల్డర్ వాళ్ళది. మూడు నెలల తర్వాత ఆ ఫోల్డర్లు చూసి, ఎవరి నమూనాలు బాగుంటే వాళ్ళని డిజైన్ టీచరుగా తీసుకోవాలని సంఘం తీర్మానం చేసింది.

ఆ ఉద్యోగం అందరికన్నా ఎక్కువ అవసరం నాగమణిగారికి. వయసు నలభై దాటింది, సఖినేటిపల్లి వైపు నుంచి రోజూ పంటు పడవ మీద గోదావరి దాటి వచ్చేవారు. ఇరవై ఏళ్ళు సన్న దారంతో అల్లి అల్లి కళ్ళు దెబ్బతిన్నాయి. సూది పని మానకపోతే చూపు దక్కదని డాక్టరు చెప్పేశారు. తెరమీది గడులైతే పెద్దగా కనపడతాయి. టీచరు పని వస్తే పనిలో ఉంటారు, లేకపోతే ఇంటికే.

రెండున్నర నెలలయ్యాక నేనూ సుబ్బరాజూ తనిఖీకి వెళ్ళాం. ఫోల్డర్లు తెరిచి చూద్దును కదా, ఏడు ఖాళీ! పద్మ అనే అమ్మాయి ఫోల్డర్‌లో మాత్రం నలభైకి పైగా నమూనాలు కిక్కిరిసి ఉన్నాయి. పద్మ అందరిలోకీ చిన్నది, పదో తరగతి చదివింది. సంఘం ఆఫీసు పక్కిల్లే వాళ్ళది.

జరిగింది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. పేరు ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, ఒక్కటీ తప్పకుండా కొట్టాలి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెరమీద ఏమీ పడదు, ఏం కొట్టామో తెలియదు. రెండుసార్లు తప్పు అని వచ్చేసరికి మిగతావాళ్ళు హడలిపోయారు. పొద్దున్నే పద్మ వచ్చి ఆఫీసు తాళంతో పాటు కంప్యూటర్నీ తన పేరుతో తెరిచి పెట్టేది. పంటు దిగి నాగమణిగారు వచ్చేసరికి తెర తెరిచే ఉండేది. ముందు లేచినవాళ్ళు వీధి తలుపు తీస్తే మిగతావాళ్ళు మళ్ళీ తీసుకోరు కదా. ఎవరి వంతు వస్తే వాళ్ళు కూర్చుని, గీసి, లేచేవారు. అన్నీ పద్మ పేరు మీద చేరాయి.

నాకు ఒళ్ళు మండింది. కేకలేశాను కూడా. పద్మ బిక్కమొహం పెట్టి, "అందరికీ తీసి పెట్టానండి. అదీ తప్పేనా అండి?" అంది. సంఘం కార్యదర్శి మాత్రం తీర్మానంలో ఫోల్డర్లు చూడాలనే ఉందనీ, దాని ప్రకారం పద్మకే ఇవ్వాలేమోననీ నసిగారు. ఇంకా పదిహేను రోజులే గడువు. సిస్టమ్ రికార్డు తీశాను. రోజూ పద్మ లోపలికి వచ్చినట్టే ఉంది, మరొకరి ఊసే లేదు. యంత్రం దృష్టిలో నాగమణిగారు ఆ గదిలోకి అడుగే పెట్టలేదు.

అప్పుడు నాగమణిగారు, "మనింటికి రోజూ వచ్చే మనిషిని గుమ్మంలో ఆపేసి నీ పేరేంటి అని అడుగుతామేంటండి? చూసి రమ్మంటాం కదండీ!" అన్నారు. సుబ్బరాజు నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. తప్పు ఆ ఎనిమిదిమందిదీ కాదు, ఎంపిక పత్రం మీద సంతకం పెట్టిన నాది. సిగ్గేసింది.

ఏ నమూనా ఎవరిదో తేలేదెలాగని అడిగితే అందరూ నన్ను వింతగా చూశారు. "చూస్తే తెలీదా అండి!" అన్నారు. అల్లే చెయ్యి దాగదట. ఆకు మొదట్లో రెండు గళ్ళు వదిలేది ఒకరు, అంచు మూల తిప్పేటప్పుడు మెట్టు వేసేది ఇంకొకరు. సరే, దీన్ని పద్ధతిగా చేద్దామనుకున్నాను. నమూనాలన్నిటికీ అంకెలు వేసి అచ్చు తీశాం. ఎనిమిదిమందినీ దూరదూరంగా కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడకుండా, ఒక్కో అంకె ఎదురుగా అది ఎవరిదో రాయమన్నాం. చీటీలు పోల్చి చూస్తే మూడు తప్ప అన్నిట్లోనూ ఎనిమిదిమందిదీ ఒకటే మాట. ఆ మూడూ ఇద్దరేసి కలిసి గీసినవని తర్వాత చెప్పారు. నా ఉద్యోగ జీవితంలో ఇంత నికార్సైన సాక్ష్యం మళ్ళీ చూడలేదు. ఫోల్డర్లకి ఫైళ్ళు సర్దే పని పద్మే చేసింది. తన పేరు మీద చివరికి అయిదు మిగిలాయి. ఆ అయిదింటినీ మాకు దగ్గరుండి చూపించింది.

ఆ సాయంత్రమే ఎక్స్‌డీఎం తీసేసి జీడీఎం పెట్టాం. లాగిన్ పేరు ఇంగ్లీషులోనే ఉండి తీరాలి, అది మా చేతిలో లేదు. కానీ దాని పక్కన పూర్తి పేరు రాసుకునే చోటు ఒకటుంది, అందులో తెలుగు పడుతుంది. తెరమీద కనపడేది అదే. బొమ్మల స్థానంలో ఫోటోలు పెడదామన్నాడు సుబ్బరాజు. ఎవరికీ ఇష్టం లేకపోయింది. "మొహాలెందుకండి, లేసు పెట్టండి," అన్నారు నాగమణిగారు. ఒక్కొక్కరి అల్లికలోంచి అగ్గిపెట్టెంత ముక్క స్కాన్ చేసి పెట్టాం. పాస్‌వర్డ్‌కి అంకెలు వాడమన్నాం. రోజంతా కుట్లు లెక్కపెట్టే వాళ్ళకి అంకెలంటే భయమేముంది? పని అయ్యాక బయటికి వచ్చి తెర మూయడం ఒక పూట నేర్పాం. తెర రావడం మునుపటికన్నా ఆలస్యమైంది. అది చెబితే నాగమణిగారు, "పంటు కోసం అరగంట నిలబడతామండి, దీనికేం?" అని తేల్చేశారు.

గడువు రోజున కమిటీ ఫోల్డర్లు చూసింది. నాగమణిగారి పేరు నొక్కితే పద్నాలుగు నమూనాలు వచ్చాయి. టీచరు ఉద్యోగం ఆవిడకే ఇచ్చారు. ఆ కబురు ఫోన్‌లో విని నేను మా విభాగమంతా వినపడేలా సుబ్బరాజు పేరు పిలిచి చెప్పాను. ఇన్నేళ్ళ సర్వీసులో నేను గర్వపడే పనులు చాలానే ఉన్నాయి గానీ, ఆ రోజంత గర్వం మరెప్పుడూ కలగలేదు.

ఎంపిక పత్రం మళ్ళీ రాశాను. డిఫాల్ట్ జీడీఎం, పేర్ల జాబితాతో సహా. బయటివాళ్ళు వచ్చిపోయే ఆఫీసుల్లో జాబితా దాచడానికి సెట్టింగుల ఫైలులో ఒక్క వరుస మారిస్తే సరిపోతుందని కింద చేర్చాను. మొదటి నిర్ణయం నాదనీ, అది తప్పనీ, సుబ్బరాజు అభిప్రాయం సరైనదనీ కారణాల గడిలో తేదీ వేసి రాశాను. పై అధికారి అది కొట్టేయమన్నారు. కొట్టెయ్యలేదు.

డిఫాల్ట్‌ని మార్చుకోగలిగిన వాడికి మనం ఏది పెట్టినా ఒకటే. మార్చుకోవచ్చని కూడా తెలియనివాళ్ళకి మనం పెట్టిందే చట్టం. అది మనం తప్పుగా ఎంచినప్పుడు వాళ్ళ పని మరొకరి పేరున పోతుంది, మన రికార్డు మాత్రం సక్రమంగానే ఉంటుంది.