పడుకుని లేచే మందారం

మా అమ్మాయి చిన్నప్పుడు... బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ అరుగు మీద పడేసి, దొడ్డి దారిన పక్కింటి సత్తెమ్మక్క వంటింట్లోకి పోయేది. మా ఆవిడా నేనూ చేలోంచి వచ్చేసరికి చీకటి పడేది. పిల్లకి అన్నం పెట్టేది, జడ వేసేది అక్కే. రెండిళ్ళకీ మధ్య గోడ లేదు ఆ రోజుల్లో...

తొంభైల చివరి సంగతి. కడియం నర్సరీ నుంచి కొత్తరకం మందారం మొక్క తెచ్చాను. పువ్వు పళ్ళెమంత ఉంటుందంటే నేను నమ్మలేదు. నర్సరీ అతను నవ్వాడు. "నమ్మకపోతే మానేయండి గానీ, ఒకటి గుర్తెట్టుకోండి. ఇది పడుకుని లేస్తాదండి" అన్నాడు.

అంటే ఏంటని అడగడానికి మొహమాటం. తల ఊపి వచ్చేశాను.

వేసవిలో పూసింది. నిజంగానే పళ్ళెమంత. పొద్దున్న విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకునేది, మర్నాడు ఇంకొకటి. ఓహో, పడుకుని లేవడమంటే ఇదే అనుకున్నాను...

సత్తెమ్మక్క రోజూ అన్నం వార్చిన గంజి తెచ్చి దాని మొదట్లో పోసేది. "గేదెకి కుడితి పెట్టినట్టు పెడతన్నాను తమ్ముడూ. పువ్వొకటి కోసుకుంటే ఏడవకు" అనేది.

మార్గశిరంలో ఆకులు పసుపయ్యాయి. తరవాత కొమ్మలు ఎండాయి. నెల తిరిగేసరికి జానెడు పుల్లలు మిగిలాయి. మన ఇళ్ళల్లో మందారం ఏనాడూ అలా ఎండదు. పురుగు లేదు. మన్ను తడిగానే ఉంది.

మరి గంజి..? వేడిగా పోస్తోందా?

అప్పటినుంచి కిటికీలోంచి చూడటం మొదలెట్టాను. అక్క గిన్నెలోంచి ఆవిరి వస్తోందా అని. ఒకరోజు వచ్చినట్టే అనిపించింది. అంతకుముందు ఆవిడ అంటు కట్టుకుంటానని కొమ్మ అడిగితే నేను ఇవ్వలేదు. అది మనసులో పెట్టుకుందా... నవ్వుతూ పలకరించినా ఆ నవ్వులో ఏదో ఉందనిపించేది.

అడగలేదు. అడిగే నోరు కాదు నాది. కొబ్బరాకులు తెచ్చి మధ్యలో దడి కట్టేశాను.

"దేనికి తమ్ముడూ ఇది?" అంది అక్క, అటు నిలబడి.

"కోళ్ళు వస్తున్నాయి."

"నాకు కోళ్ళెక్కడున్నాయిరా?" అంది. నేను దడి తాడు బిగిస్తూనే ఉన్నాను. "సరేలెండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ 'లెండి' ఆవిడ నోట వినడం అదే మొదలు.

పిల్ల ఆ పూట దడి పట్టుకుని ఏడ్చింది. తరవాత మేం వచ్చేదాకా అరుగు మీద ఒక్కతీ కూర్చునేది... "మొక్క కోసం మనిషిని పోగొట్టుకున్నారు" అంది మా ఆవిడ.

ఉగాది ముందు, పుల్లలు పీకేద్దామని వంగాను. మొదట్లోంచి ఎర్రటి మొలకలు... బొటనవేలంత లావున, ఏడెనిమిది. పడుకునేది పువ్వు కాదు, మొక్క. చలికాలమంతా నేలలో పడుకుని, ఎండలు రాగానే లేచింది. గంజి దాన్ని చంపలేదు. బహుశా సాకింది.

అప్పుడే దడి పీకేశాను. తప్పయిపోయిందని చెబుదామని అక్క గుమ్మం దాకా వెళ్ళాను. చెప్పులు విడిచి, మళ్ళీ తొడుక్కున్నాను.

"బతికిందాండీ మొక్క?" అంది అక్కే.

"బతికింది."

"అయితే నా మీద కేసు కొట్టేసినట్టే."

నవ్వుతూనే అంది. అంటే ఆవిడకి మొదటినుంచీ తెలుసు... పిల్లని కేకేసి అన్నం పెట్టింది. నన్ను మాత్రం ఉన్నన్నాళ్ళూ 'అండీ' అనే అంది. గంజి ఇంకెప్పుడూ పోయలేదు.

ఇప్పుడు మా వీధిలో అన్నీ సిమెంటు గోడలే. దొడ్లో మొక్క ఎండితే ఎవరినీ అనుమానించక్కర్లేదు... ఎవరూ లోపలికి రారు కదా.

నోరు తెరిచి ఒక్క మాట అడగక మనిషిని దూరం చేసుకున్నవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే రాయండి. నేనొక్కణ్ణే కాదని తెలిస్తే కాస్త నయంగా ఉంటుంది...