తాతయ్య కొలిచిన కోణం

తాతయ్యకు మనుషుల మొహాలు గుర్తుండవు, వీపులు గుర్తుంటాయి. బజారులో ఎవరైనా ఎదురొచ్చి బాగున్నారా డాక్టరుగారూ అంటే తెల్లమొహం వేస్తాడు. ఆ మనిషి అటు తిరిగి నాలుగడుగులు వేయగానే మాత్రం, కుడి భుజం ఇంకా దిగలేదేం అని వెనకనుంచి కేకేస్తాడు. అలాంటప్పుడు అమ్మమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

వంకర తిరిగిన వెన్నెముకల్ని నిటారు చేయడం ఆయన పని. సగం రోజు వైద్య కళాశాలలో పాఠాలు, సగం రోజు ఆపరేషన్లు. ముప్పై అయిదేళ్ళు బల్ల మీదికి వంగి వంగి ఆయన నడుమే కొడవలిలా తయారైంది. మొదట్లో విరిగిన కాళ్ళకు కట్లు కట్టే మామూలు ఎముకల డాక్టరు. గూని ఉన్న ఒక దర్జీ, తన కొలత ఇంకెవరికీ కుదరక తన చొక్కా తానే కుట్టుకుంటానని చెప్పాడట. ఆ మాట తాతయ్య బుర్రలో దిగబడింది, మళ్ళీ బయటికి రాలేదు. ఆ తర్వాత ఆయన రాసిన వ్యాసాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. అమ్మమ్మ ఒకటి మొదలుపెట్టి, రెండో పేజీలో హాయిగా నిద్రపోయింది.

ప్రతి సోమవారం పొద్దున తన విద్యార్థుల ముందు ఎక్స్‌రేలు కొలిచేవాడు. వంపుకు పైన బాగా వాలిన ఎముక వెంట పెన్సిలుతో ఒక గీత, కింద వాలిన ఎముక వెంట ఒక గీత, ఆ రెంటి మధ్యా కోణం. యాభై డిగ్రీలు దాటితే ఆపరేషను. అంతకు తక్కువైతే, ఎదిగే పిల్లలకు వంపు పెరగకుండా ఒంటికి బిగించే ప్లాస్టిక్ కవచం. రోగిని చూస్తే చెయ్యి మెత్తబడుతుందని ముందు ఫిల్మునే కొలిచేవాడు. ఆయన కొలిచాక ఇంకెవరూ కొలవరు. ఆ నియమం ఎక్కడా రాసి లేదు, అయినా అందరికీ కంఠతా వచ్చు.

ఒక సోమవారం పదమూడేళ్ళ పిల్ల ఫిల్ము వచ్చింది. ఆ పిల్ల జిమ్నాస్టిక్స్ చేస్తుంది. కాళ్ళ మీద కన్నా చేతుల మీదే ఎక్కువ నడుస్తుంది. తాతయ్య కొలిచి యాభై రెండన్నాడు. గురువారం ఆపరేషను. రెండు కడ్డీలు వేసి మరలు బిగిస్తే వంపు తగ్గుతుంది, కానీ వెన్ను మునుపటిలా వంగదు, పిల్లిమొగ్గలకు ఇక సెలవు. తల్లి కళ్ళొత్తుకుని ఒప్పుకుంది. ఆ పిల్ల మాత్రం వార్డులో మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకుంది.

బుధవారం పాఠంలో తాతయ్య అదే ఫిల్ము పెట్టి, కడ్డీ ఎలా వంచాలో వివరిస్తున్నాడు. వెనక వరసలోంచి ఒక జూనియరు డాక్టరమ్మ లేచింది. తోటివాళ్ళు ఆమెకు 'సందేహం' అని పేరు పెట్టారు.

"సార్, తుంటి ఎముకలు చూశారా?"

"నేను చూసేది వెన్నునమ్మాయ్."

"ఒకటి పైకుంది, ఒకటి కిందికుందండీ."

గదిలో ఎవరో దగ్గబోయి మింగేశారు. తాతయ్య కళ్ళజోడు పైకి తోసి, ఫిల్ముకు ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్ళాడు. నిజమే, అంగుళం తేడా. వెంటనే ఫిల్ము చంకలో పెట్టుకుని వార్డుకు నడిచాడు. సందేహం వెనకే పరిగెత్తింది.

"ఏమ్మా, ఎక్స్‌రే తీసేటప్పుడు ఎలా నిల్చున్నావు?"

ఆ పిల్ల గోడ వైపే చూస్తూ అంది. "నిటారుగానే. కింద ఇనపరేకు ఐసులా ఉంటే ఒక మడమ కాస్త లేపాను. లేపొద్దని ఎవరూ చెప్పలేదు."

మడమ లేస్తే అటు తుంటీ లేస్తుంది, దాంతో వెన్ను ఉన్నదానికన్నా ఎక్కువ వంగినట్టు కనిపిస్తుంది. తాతయ్య వార్డులో తువ్వాలు ఒకటి అడిగి తీసుకుని, ఎక్స్‌రే గదిలో ఆ రేకు మీద తానే పరిచాడు. కొత్త ఫిల్ము రాగానే పెన్సిలు సందేహం చేతికిచ్చి, నువ్వే కొలువు అన్నాడు. నలభై మూడు వచ్చింది. తర్వాత తాను కొలిస్తే నలభై నాలుగు. ఆ ఒక్క డిగ్రీ పెద్దవాడినన్న గౌరవానికి వదిలేయమన్నాడు.

తల్లిని పిలిచి, తప్పు తనదేనని నాన్చకుండా చెప్పాడు. అయితే రేపు కోయరా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. కోయనన్నాడు రెండుసార్లూ. రోజుకు పద్దెనిమిది గంటలు కవచం తొడుక్కోవాలి, మంచం కింద దాస్తే మళ్ళీ తన కత్తి కిందికే రావాల్సి ఉంటుందని పిల్లను బెదిరించాడు.

"మరి చేతుల మీద నడవచ్చా?"

"మిగతా ఆరు గంటలూ నీవి. ఎలా నడిస్తే నాకెందుకు?"

ఇంటికొచ్చి అమ్మమ్మకు చెప్పాడు. ఇన్నేళ్ళలో ఇదొక్క తప్పేనా అని ఆవిడ మామూలుగానే అడిగింది.

"నాకు తెలిసింది ఇదొక్కటి," అన్నాడు తాతయ్య. ఆ తర్వాత ముద్ద దిగలేదు.

మర్నాటినుంచి సందేహాన్ని వెంటేసుకుని కాలేజీ నేలమాళిగలో తాను ఆపరేషను చేసినవాళ్ళ పాత ఫిల్ములన్నీ దులిపించాడు. తుమ్ములతో రెండు నెలలు గడిచాయి. పదకొండింటిలో తుంటి వంకర దొరికింది. ఆ పదకొండు మందికీ ఆపరేషనుకు ముందు తుంటి సమంగా ఉండగా తీసిన వేరే ఫిల్ములు వెదికి కొలిస్తే, అన్నీ యాభై పైనే ఉన్నాయి. ఆ రోజు ఆయన మూడుసార్లు వడ్డించుకున్నాడు. దాని మీద రాసిన వ్యాసంలో మొదటి పేరు సందేహానిది, రెండోది తనది. అమ్మమ్మ దాన్ని మాత్రం చివరిదాకా చదివింది, తాతయ్య తప్పు ఏ పేజీలో ఉందో చూద్దామని.

పదహారేళ్ళు నిండాక ఆ పిల్ల ఎదుగుదల ఆగింది, వంపు నలభై రెండు దగ్గర నిలిచింది. చివరిసారి వచ్చినప్పుడు కవచం తాతయ్య బల్ల మీద పెట్టేసి, అడక్కుండానే ఆ గది ఈ చివరినుంచి ఆ చివరికి చేతుల మీద నడిచింది. తాతయ్య కుర్చీ వెనక్కి లాగి దారి ఇచ్చాడు. నడిచినంతసేపూ మోకాళ్ళు వంచకు అని గదమాయిస్తూనే ఉన్నాడు.