సంవత్సరం రాయని కేలండరు

తులిప్ గడ్డలు ఒలిచే నెల రోజులూ నెలిస్ షెడ్డుకి ఇద్దరు యజమానులు. పొలం, లారీలు, బ్యాంకు సంతకాలు నెలిస్‌వి. గడియారం మాత్రం ఆఫ్రాది. డెబ్బై ఒక్క ఏళ్ళ బక్కపలచని మనిషి. నీలం చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, మెడలో కళ్ళద్దాలు వేలాడేసుకుని, ముప్ఫై ఒక్క వేసవులుగా పిల్లల బల్లకి పెద్దదిక్కుగా ఉంటోంది. బల్ల అంటే తలుపు పక్కన వెలుతురు పడేచోట వేసిన పొడుగాటి చెక్కబల్ల. గడ్డ పైపొట్టు తీసి, ఎండిన వేళ్ళు తుంచి, తల్లిగడ్డని అంటిపెట్టుకున్న పిల్లగడ్డల్ని విడదీసి పెట్టెలో వెయ్యాలి. చేతులు దురదపెడతాయి, ముక్కులోకి దుమ్ము పోతుంది. అయినా బడికి సెలవులిచ్చిన మొదటి సోమవారమే ఊళ్ళో పిల్లలంతా సైకిళ్ళ మీద అక్కడ వాలిపోతారు.

ఆ బల్ల దగ్గర చట్టం అంటే చట్టమే. పదమూడు నిండనిదే గడ్డ ముట్టుకోకూడదు. పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళకి రోజుకి ఏడు గంటలు, వేసవి మొత్తానికి నాలుగు వారాలు, ఆపైన ఒక్క పూట కూడా లేదు. యంత్రం బెల్టు తిరిగే వైపు వెళ్ళకూడదు. నిండిన పెట్టె ఎత్తకూడదు, ఎత్తడానికి పెద్దవాళ్ళున్నారు. పదింటికి విరామం, డబ్బాలోంచి తలా ఒక బిస్కట్టు, వెంటనే మూత పడిపోతుంది. మూడున్నరకి గోడకున్న ఇత్తడి గంట కొడుతుంది. అప్పుడు చేతిలో సగం ఒలిచిన గడ్డ ఉన్నా సరే, అలాగే వదిలి లేవాల్సిందే. ఒక ఏడాది లారీ వచ్చి నిలబడిందని, ఇంకో అరగంట పిల్లల్ని ఉంచమని నెలిస్ బతిమాలాడు. ఆ అరగంట నువ్వే ఒలుచుకో అని ఆఫ్రా అతన్నే బల్ల దగ్గర కూచోబెట్టింది. నెలిస్ కూచున్నాడు కూడా. పదమూడేళ్ళప్పుడు అతనూ ఆమె చేతికింద అదే బల్ల దగ్గర ఒలిచినవాడే మరి.

ఈ పంతం ఊరికే రాలేదు. ఆఫ్రాకి పదేళ్ళప్పుడు గడ్డలు ఒలవడానికి వయసూ లేదు, వేళా లేదు. నాన్న కొట్టంలో పొద్దున కూచుంటే కళ్ళకి కనిపించినంతసేపూ ఒలవడమే. ఆ ఏడాది బడి పిల్లలందర్నీ బస్సెక్కించి, అక్కణ్ణించి పడవలో టెక్సెల్ దీవికి తీసుకెళ్తామన్నారు. ఆఫ్రా ముందు రోజే కొత్త సాక్సులు ఉతికి ఆరేసుకుంది. గడ్డలు ఆగవమ్మా అన్నాడు నాన్న. బస్సు కొట్టం ముందునుంచే వెళ్ళింది. కిటికీల్లోంచి స్నేహితులు చేతులూపారు. బస్సు ఆగలేదు. పెద్దయ్యాక ఆ దీవికి మొగుడితో వెళ్ళింది, మనవలతో వెళ్ళింది, గొర్రెల్ని చూసింది, ఐస్‌క్రీం తింది. కానీ ఆ బస్సులో ఖాళీగా వెళ్ళిన సీటు గుర్తొస్తే ఇప్పటికీ ఆమెకి ఏడుపొస్తుంది. అందుకే మూడున్నరకి గంట కొట్టి, పిల్లలు ఇసుక దిబ్బల వెనక సముద్రంలోకి దూకడానికి సైకిళ్ళు తొక్కుకుంటూ పోతుంటే, చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి చూస్తుంది. ఆ కాసేపు ఆమెంత సుఖంగా ఉన్న మనిషి ఆ చుట్టుపక్కల ఇంకొకరుండరు.

ఆమెకి ఒక గర్వం కూడా ఉంది. పొరుగూళ్ళ పిల్లలెవరైనా పనికొస్తే గుర్తింపు కార్డు చూపించాలి. సొంతూరి పిల్లల్ని మాత్రం అడగదు. వాళ్ళు పుట్టినప్పుడు ఇంటికెళ్ళి, సోంపు మిఠాయి చల్లిన రస్కు తిని, ఉయ్యాల్లో చూసొచ్చిన మనిషి ఆమె. తేదీలన్నీ ఆమె ఇంటి మరుగుదొడ్డి తలుపుకి వేలాడే పుట్టినరోజుల కేలండర్లో ఉన్నాయి. అందరిళ్ళలో లాగే అదీ ఏటా మార్చే కేలండరు కాదు. రోజూ పేరూ ఉంటాయి, సంవత్సరం ఉండదు. సంవత్సరాలు తన బుర్రలో ఉన్నాయనేది ఆఫ్రా. ఆ బుర్ర మీద ఆమెకి ఎంత నమ్మకమో, తనిఖీకొచ్చే అధికారులకీ అంతే నమ్మకం. ముప్ఫై ఏళ్ళలో నాలుగుసార్లు వచ్చారు, నాలుగుసార్లూ తలూపి వెళ్ళారు.

ఈ వేసవి తనకి ఆఖరిదని ఆఫ్రా ముందే చెప్పేసింది. మొదటి రోజు బల్ల దగ్గరికి ఫెన్నా అనే పద్నాలుగేళ్ళ పిల్లతో పాటు ఆ పిల్ల పక్కింటి యోరిస్ కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఎర్రజుట్టు కుర్రాడు. నీకూ పదమూడు దాటిపోయాయిగా, ఇంకా గుమ్మంలో నిలబడతావేంరా, వచ్చి కూచో అంది ఆఫ్రా. వాడు ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, వచ్చి కూచున్నాడు. వారం తిరిగేసరికి బల్ల మొత్తంలో వాడివే చురుకైన చేతులు. వేసవి ఆఖరి గడ్డ ఎవరు ఒలిస్తే ఆ రోజు గంట వాళ్ళే కొట్టాలని అక్కడ ఆనవాయితీ. ఈసారి ఆ గంట నాదేనని వాడు ఫెన్నాతో పందెం కూడా కాశాడు.

రెండు వారాలు గడిచాయి. జులై ఆఖరి ఆదివారం యోరిస్ తల్లి హెస్టర్ పుట్టినరోజు. ఆఫ్రా వెళ్ళింది, అక్కడి ఆచారం ప్రకారం గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూచున్న ప్రతివాళ్ళకీ హెస్టర్ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పింది, యోరిస్‌కి కూడా చెప్పి చెయ్యి కలిపింది. రెండు కప్పుల కాఫీ అయ్యాక మరుగుదొడ్డికి వెళ్ళింది. అక్కడ తలుపు మీద హెస్టర్ కేలండరు. హెస్టర్ లెక్కల టీచరు, పేర్ల పక్కన సంవత్సరాలు కూడా రాసుకుంటుంది. ఆగస్టు తొమ్మిది, యోరిస్. తేదీ ఆఫ్రాకి తెలిసిందే. పక్కనున్న సంవత్సరం చూసి కళ్ళద్దాలు పెట్టుకుంది. వేళ్ళ మీద లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. వాడికి పదమూడు దాటలేదు. ఇంకా పదమూడు రోజులు పోతే గానీ నిండవు. ఆమె బుర్రలో ఉన్న ఏడాది ఇంకో పురిటింట్లో రస్కు తిన్నది, యోరిస్ పుట్టింది కాదు.

అందరికీ శకునం చెప్పే బల్లి తానే కుడితిలో పడ్డట్టయింది. ఇంటికి సైకిలు తొక్కుతూ దారంతా తనని తానే తిట్టుకుంది. చూసింది తనొక్కతే. నోరు మూసుకుంటే పదమూడు రోజుల్లో తప్పు దానంతటదే ఒప్పయిపోతుంది. పైగా శుక్రవారం కాక ఆ పై శుక్రవారం ఆమె కోసం నెలిస్ కేకు చేయిస్తున్నాడని ఊరంతటికీ తెలుసు. ముప్ఫై ఒక్క వేసవులు, ఒక్క తప్పూ లేదు అని దానిమీద రాయిస్తాడని కూడా తెలుసు. ఆ మాట ఆమెకి ఎంత కావాలో ఆమెకే తెలుసు.

సోమవారం పొద్దున పిల్లలు రాకముందే నెలిస్‌కి చెప్పేసింది. నెలిస్ బుర్ర గోక్కున్నాడు.

"పదమూడు రోజులే కదా ఆఫ్రా. ఆ మరుగుదొడ్డికి నువ్వు వెళ్ళలేదనుకో."

"వెళ్ళాను కదా."

"ఎవరికీ చెడు జరగలేదే."

"నాకు పదేళ్ళప్పుడు కూడా మా నాన్న అదే అన్నాడు, నెలిస్. ఎవరికీ చెడు జరగలేదని."

ఆఫ్రా గోడకున్న పిల్లల పనిగంటల పట్టిక పక్కన ఒక కాగితం అతికించింది. యోరిస్ రెండు వారాలు వయసు నిండకుండా పనిచేశాడు, వయసు అడగకపోవడం నా తప్పు అని రాసి కింద సంతకం పెట్టింది. అధికారులు వస్తే ముందు ఇదే చూపించమంది. వాడి రెండు వారాల కూలీ వాడికి ముట్టేలా చూసింది.

పదింటి విరామంలో బల్ల దగ్గర అందరి ముందూ తప్పు తనదేనని చెప్పింది. పిల్లలు బిస్కట్టు నమలడం ఆపేశారు. యోరిస్ చెవులు జుట్టుకన్నా ఎర్రబడ్డాయి.

"నేను అబద్ధమాడలేదు. మీరే అన్నారు అత్తా, పదమూడు దాటాయని," అన్నాడు.

"అవును, నేనే అన్నాను. నువ్వెందుకు కాదనలేదు?"

వాడు గోళ్ళలో ఇరుక్కున్న పొట్టు గీకుతూ చెప్పాడు. "అందరూ లోపలుంటే నేనొక్కణ్ణే బయట ఎలా ఉంటాను?"

ఆ మాట ఆఫ్రా గుండెలో గుచ్చుకుంది. బస్సులో ఉన్నవాళ్ళంతా లోపల, ఆమె ఒక్కతే బయట. తను కడుపులో పెట్టుకుని మోసిన బాధ, తన చట్టం పేరుతో తనే ఇంకో పిల్లాడికి పెడుతోంది. అయినా వాడి సైకిలు దాకా తోడు వెళ్ళి, ఇంటికి పంపించేసింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు.

ఆ తర్వాతి రెండు వారాలూ ఆమె గంట కొట్టింది, బిస్కట్ల డబ్బా మూత వేసింది, పిల్లలు సముద్రానికి వెళ్తుంటే చూసింది. చూడటంలో మునుపటి రుచి లేదు. ఎండలు బాగా కాయడంతో గడ్డలు తొందరగా ఆరాయి. ఎనిమిదో తారీకు శుక్రవారం మధ్యాహ్నానికి పిల్లల బల్ల ఖాళీ అయింది. ఆఖరి గడ్డ నాదంటే నాదని ఇద్దరు కొట్టుకుంటుంటే ఆఫ్రా ఇద్దరినీ కసిరి గంట తనే కొట్టేసింది. అదేంటని పిల్లలు గోల చేశారు. ఆమె వినిపించుకోలేదు. కేకు వచ్చింది. దానిమీద క్రీముతో ముప్ఫై ఒక్క వేసవులు, ఒక్క తప్పూ లేదు అని ఉంది. బేకరీకి ముందే చెప్పేశాం, మార్పించడం మర్చిపోయాం అని నెలిస్ భార్య నాలుక కరుచుకుంది. ఆఫ్రా చాకు తీసుకుని, ఒక్క తప్పూ లేదు అన్న ముక్క కోసి తన పళ్ళెంలో పెట్టుకుంది. "నా తప్పు నేనే తింటాను," అంది. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. పిల్లలు వెళ్ళాక నెలిస్ పెట్టెలు లెక్కపెట్టుకుని, ఒకటి తగ్గిందేమిటని షెడ్డంతా వెతికాడు. వెతకనివ్వు, వ్యాయామం అనుకుని ఆఫ్రా పొట్టు ఊడ్చుకుంది.

మర్నాడు శనివారం, ఆగస్టు తొమ్మిది. పొద్దున తొమ్మిదింటికి ఆఫ్రా ఫోన్ చేసి రమ్మంటే యోరిస్ మొహం మాడ్చుకుని వచ్చాడు. తలుపు దగ్గర ఆమె చెయ్యి చాచింది. "పుట్టినరోజు శుభాకాంక్షలు. కార్డు చూపించు." వాడు జేబులోంచి కార్డు తీశాడు. ఆఫ్రా కళ్ళద్దాలు పెట్టుకుని సంవత్సరం పైకి చదివింది, వేళ్ళ మీద లెక్కపెట్టింది. సొంతూరి పిల్లాణ్ణి కార్డు అడగడం ఆమె జన్మలో అదే మొదలు. అప్పుడు బల్ల కింద గోనెపట్టా తొలగించింది. ఒక పెట్టె నిండా ఒలవని గడ్డలు.

వాడికి అర్థమైంది. కూచుని ఒలవడం మొదలుపెట్టాడు. ఆఫ్రా ఎదురుగా కూచుంది గానీ ఒక్క గడ్డా ముట్టుకోలేదు. కాసేపటికి ఫెన్నా, ఇంకో నలుగురు పిల్లలు తువ్వాళ్ళు మెడలో వేసుకుని సైకిళ్ళ మీద వచ్చారు. సాయం చేస్తే తొందరగా అయిపోతుందని ఫెన్నా చెయ్యి పెట్టబోయింది. ఆఫ్రా ఆ చెయ్యి మీద చిన్న దెబ్బ వేసింది. "నీ నాలుగు వారాలు నిన్నటితో సరి. బయట నిలబడు."

వాళ్ళు గుమ్మం బయటే నిలబడి, తొందరగా కానీరా ముసలాడా, సముద్రం నీళ్ళు వెనక్కి పోతాయి అని వాణ్ణి ఆటపట్టించారు. పదకొండు దాటుతుండగా పెట్టె అడుగు కనిపించింది. ఆఖరి గడ్డ ఒలిచి యోరిస్ దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాడు, పెట్టెలో వేశాడు, వెళ్ళి గంట కొట్టాడు. మూడు కొట్టాల్సింది ఏడెనిమిది కొట్టాడు. ఆఫ్రా వద్దనలేదు.

ఆ తర్వాత అలవాటుగా చీపురందుకుంది. యోరిస్ వచ్చి చీపురు పట్టుకున్నాడు.

"అత్తా, గంట కొట్టాను కదా."

"అది మీకురా. పెద్దవాళ్ళకి గంటలేంటి?"

"గంట కొట్టాక చేతిలో ఏదున్నా వదిలెయ్యాలన్నది మీరే."

బయట ఫెన్నావాళ్ళు సైకిళ్ళ మీద ఒక కాలు నేలకి ఆన్చి, రమ్మని ఆమెకి చేతులూపుతున్నారు. అరవై ఒక్క ఏళ్ళ కిందట ఊపిన చేతులు బస్సుతో పాటే వెళ్ళిపోయాయి. వీళ్ళు ఆగి ఉన్నారు. ఆమెకి కళ్ళు చెమర్చాయి, దుమ్ము అంది. చీపురు గోడకి ఆనించి, సైకిలు తీసుకుని వాళ్ళ వెనకే బయల్దేరింది.

బల్ల కింద పొట్టు ఆ రోజు ఎవరూ ఊడవలేదు. సోమవారం నెలిస్ ఊడ్చుకున్నాడు.