గట్టిగా చెప్పిన పాఠాలు

పెళ్లికి ముందు నుంచీ ఆటోనగర్‌లో రేకులు సాగగొట్టే షెడ్డులోనే పనిచేశాను. ఆ మోతకి చెవులు పాడయ్యాయి. పని మానకపోతే ఉన్న కాస్త వినికిడి కూడా పోతుందన్నాడు డాక్టరు. మొక్కలంటే నాకు మొదటి నుంచీ పిచ్చి. షెడ్డు వెనక ఖాళీ నూనె డబ్బాల్లో మిరప, మల్లె పెంచేవాణ్ణి. అది చూసిన సింహాచలం వైపు నర్సరీ యజమాని, తోటల డిప్లొమా పాసైతే అంటుకట్టే పనిలో పెట్టుకుంటానన్నాడు. దూరవిద్యలో చేరిపోయాను.

తీరా చూస్తే పాఠాలన్నీ ఫోన్లో వీడియోలు. చెవుడని షెడ్డు పని వదిలేసి వచ్చి, వినే చదువులో చేరాను. నా తెలివికి నేనే దండం పెట్టుకోవాలి.

ఏడో తరగతితో బడి మానేసిన మా ఆవిడ ఆ ఫోన్ లాక్కుంది. రోజూ వంటయ్యాక అరుగు మీద కూర్చుని, కాస్త విని, ఆపి, నా కుడిచెవి దగ్గర గట్టిగా చెప్పేది. ఒకరోజు పక్కింటామె గోడ మీంచి అడిగింది. "ఏటొదినా, నిన్న నిమ్మ తెగులు కాడ ఆపేసినావు. తరవాతేటి?"

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మా ఆవిడ మాత్రం ఆమెకి కూడా వినబడేలా గొంతు ఇంకాస్త పెంచింది.

మౌఖిక పరీక్షకి ఒక్కణ్ణే లోపలికెళ్లాను. ప్రశ్నలడిగే మేడంది మరీ సన్నటి గొంతు. మొదటి ప్రశ్న అర్థం కాక "అవునండి" అన్నాను. మేడం నావైపు జాలిగా చూసి, మార్కులు వెయ్యడానికి పెన్ను తీశారు. నర్సరీ పని కళ్ల ముందే పోతోంది. ఇక దాచి లాభం లేదనుకున్నాను. "నాకు వినపడదు మేడం. మా ఆవిడ బయటుంది, పిలవనివ్వండి."

"ప్రశ్న మాత్రమే చెప్పాలి, జవాబు అందించకూడదు" అని లోపలికొచ్చిన మా ఆవిడకి మేడం ఖరాఖండిగా చెప్పారట.

"మావా, మామిడి పూత రాలిపోతంటే ఏటి సేత్తావని అడుగుతన్నారు."

ఆ గొంతు చెవిన పడగానే నా ప్రాణం లేచొచ్చింది. వరసగా చెప్పుకుపోయాను. చివరి ప్రశ్న, జామ కొమ్మకి చెట్టు మీదే వేర్లు పుట్టించే గాలి అంటు కట్టాక, ఆ కొమ్మ ఎప్పుడు కొయ్యాలని. తల ఖాళీ అయిపోయింది. మా ఆవిడకి తెలుసు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, కళ్లలో నీళ్లు. ఒక్క మాట అందించలేదు.

"తెలీదండి" అన్నాను.

"పర్వాలేదు, పాసయ్యారు" అని కాగితం మీద రాసి చూపించి, మేడం ఆమె వైపు తిరిగి ఏదో అడిగారు. మా ఆవిడ కొంగు తీసి, మేడంకి కాకుండా నాకే చెప్పింది. "అంటుకి కట్టిన కవర్లోంచి వేర్లు కనబడతాయి మావా. తెల్లగా ఉన్నప్పుడు తొందరపడకు. ముదిరి గోధుమ రంగుకొచ్చాక కొయ్యాల."

ఈ జవాబుకి మార్కులు వెయ్యలేనన్నారట మేడం. దానికి మా ఆవిడ అన్న మాట మాత్రం నాకు స్పష్టంగా వినబడింది.

"మార్కులెందుకు మేడం. ఈయనికి ఇప్పుడు తెలిసింది కదా."