తొమ్మిదో భాగం దాకా మంత్రి మంచివాడే

కరోనా సద్దుమణిగి గ్రంథాలయాలు మళ్లీ తెరుచుకున్నాక వచ్చిన వేసవిలో నన్ను దిల్‌సుఖ్‌నగర్ పక్కనున్న ఒక శాఖా గ్రంథాలయానికి రెండో గ్రేడు గ్రంథపాలకుడిగా బదిలీ చేశారు. పోటీ పరీక్షల పిల్లలతో కిక్కిరిసే చోటు. పొద్దున తలుపు తీసేసరికే మెట్ల మీద సంచులు వరసకట్టి ఉండేవి. ఇక్కడ నవలలెవరు చదువుతారులే అనుకుంటూ చేరాను. చేరిన వారంలోనే ఒక నవల గురించి పఠన మందిరంలో ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు.

అది ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన రాజ్యాల కథ. మంత్రవిద్యలు, మాట్లాడే కొండలు, సింహాసనం కోసం మూడు వంశాల పోరు. మొత్తం పది భాగాలు, ఒక్కొక్కటి ఇటుకంత. పాఠకులు పేరు కూడా పలకరు, ‘పది భాగాలు’ అంటే చాలు. ఇలాంటిది మా వృత్తిలో తలనొప్పి. కొన్న ప్రతి పుస్తకానికీ ఒక వరస నంబరు వేస్తాం, దాన్ని పరిగ్రహణ సంఖ్య అంటాం. వీటికి పది సంఖ్యలున్నా, ఒక్క భాగం పోయిందంటే మిగతా తొమ్మిదీ దండగే. పైగా మా దగ్గరున్నది ఒకటే సెట్టు కాబట్టి పాఠకులు ఒకరి వెనక ఒకరు నడవాలి. ముందున్నవాడు నోరు జారితే వెనకవాళ్లకు కథ పోయినట్టే. ఆ రోజు గొడవ అదే. నాలుగో భాగంలో రాకుమారుడు చచ్చిపోతాడని ఒక కుర్రాడు మూడో భాగం చదువుతున్నవాడికి చెప్పేశాడు.

నిశ్శబ్దం పాటించమని బోర్డు పెట్టగలం గానీ అభిప్రాయాలకు తాళం వేయలేం. అందుకని నెలకో ఆదివారం సాయంత్రం పత్రికల గదిలో వాళ్లకు సమావేశం పెట్టాను. నియమం ఒక్కటే. చర్చ మొదటి భాగంతో మొదలై ముందుకు సాగుతుంది. ఎవరు ఎంతవరకు చదివారో అంతవరకు కూర్చుని, ఆపైన లేచి బయటికి పోవాలి. “మూడో భాగం వాళ్లు దిగాలి!” అని సిటీ బస్సు కండక్టరులా కేకేసేవాణ్ని. పిల్లలు నవ్వుకుంటూ దిగేవారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ బస్సులో ముఖ్యులు ఇద్దరు. ఎస్తేరమ్మ గారు చైతన్యపురిలో ఒక ఆడపిల్లల హాస్టల్ వార్డెన్, నల్లగొండ వైపు పల్లె మనిషి. రాత్రిళ్లు చివరి పిల్ల గేటు లోపలికి వచ్చేదాకా కుర్చీ కదలని ఉద్యోగం కాబట్టి ఆమె చదువు పరుగెత్తేది. రెండోవారు సుబ్బారావు గారు, తెనాలి నుంచి వచ్చి స్థిరపడ్డ కోచింగ్ సెంటర్ లెక్కల మాస్టారు. ఒక్కో భాగం రెండుసార్లు చదివితే గానీ తర్వాతది ముట్టుకోరు.

కథలో ఒక ముసలి మంత్రి ఉన్నాడు. సుబ్బారావు గారికి అతను దేవుడు. “అబ్బే, మీరు తొందరపడుతున్నారండీ ఎస్తేరు గారూ. ఆ రాజ్యంలో లెక్క తెలిసిన మనిషి అతనొక్కడే” అనేవారు. “లెక్కలొస్తే మంచోడైతడా సార్? గాయన నవ్వే నాకు నచ్చుతలేదు” అనేవారు ఆమె. ఐదో భాగం దాకా వాళ్ల వాదం గదిలో అందరికీ వినోదం.

ఆ తర్వాత ఆమె బాగా ముందుకెళ్లిపోయారు. తొమ్మిదో భాగంలో మంత్రి కోట తలుపులు శత్రువుకు తెరుస్తాడు. అది చదివొచ్చిన ఆదివారం ఆమె ముఖం చూడాలి. ఎదురుగా సుబ్బారావు గారు మంత్రి గుణగణాలు వర్ణిస్తుంటే, ఈమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఆరో భాగం దగ్గర దిగిపోయారు. పదో భాగం వచ్చేసరికి గదిలో ఆమె, నేను, తిరిగే ఫ్యాను మిగిలాం. “ఎవలకు చెప్పుకోవాలె సార్? కడుపు ఉబ్బిపోతున్నది” అన్నారు.

అంతలో యజమాని హాస్టల్‌ను నగర శివార్లలోని తుర్కయంజాల్‌కు మార్చేస్తున్నాడని తెలిసింది. వార్డెన్ అక్కడే ఉండాలి, ఆదివారాలు కూడా కదలడానికి లేదు. పోయేలోగా ఆ ముగింపు గురించి ఒక్కరితోనైనా తనివితీరా మాట్లాడాలని ఆమె కోరిక. సుబ్బారావు గారిని తొందరపెట్టి చూశాను. చదవడమంటే పరీక్ష రాయడమా అని కసిరారు. ఇక నేనే పూనుకున్నాను.

గ్రంథపాలకులు పుస్తకాలన్నీ చదివేస్తారని లోకం అనుకుంటుంది. మేం అట్ట, విషయసూచిక చూసి వర్గ సంఖ్య వేసి బీరువాలో పెడతాం. మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడా? అలాంటివాణ్ని అన్నం ముందు కూడా పుస్తకం తెరిచి పది భాగాలూ పూర్తిచేశాను. సుబ్బారావు గారి చేతిలో ఉన్న భాగాన్ని ఆయన క్లాసులో ఉన్నంతసేపు అడిగి తెచ్చుకుని చదివాను.

ఆమె వచ్చిన చివరి ఆదివారం ఎనిమిదో భాగం మొదలవగానే సుబ్బారావు గారు లేచి, బయట బెంచీ మీద చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఎస్తేరమ్మ గారు అందుకున్నారు. మంత్రి ద్రోహి అన్నారు. నిజమే అన్నాను. చివర్లో రాణి అతణ్ని క్షమించడం తప్పన్నారు. అదీ నిజమే అన్నాను. పాఠకుడితో వాదించకూడదన్నది నా సర్వీసంతా ఉన్న అలవాటు. కాసేపటికి ఆమె ఆగిపోయారు.

“అన్నిటికీ ఔనంటరేంది సార్? గట్లైతే మజా ఏముంటది? రావు సార్ ఉంటే గీపాటికి లొల్లి లొల్లి చేస్తుండె.”

అంత చదివీ కొరగాకుండా పోయానే అని నిజంగా చిన్నబోయాను. ఆమె వెళ్తూ బెంచీ దగ్గర ఆగి, మంత్రి క్షేమమేనా అని సుబ్బారావు గారిని అడిగారు. ఆయన వేళ్లు తీసి, భేషుగ్గా ఉన్నాడన్నారు. ఆమె నవ్వి, ఇంకొక్క మాట చెప్పకుండా వెళ్లిపోయారు.

చలికాలంలో ఒక మధ్యాహ్నం సుబ్బారావు గారు తొమ్మిదో భాగం తెచ్చి కౌంటరు మీద పెట్టారు. రెండోసారి చదవలేదట. సొంత తమ్ముడు మోసం చేసినట్టుంది ముఖం.

“ఆవిడకు అప్పటికే తెలుసాండీ?” అన్నారు. తెలుసన్నాను. “తెలిసీ నా సొదంతా విన్నారా!” అని తల పట్టుకున్నారు. పదో భాగం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చారు. “అయినా ఆ తలుపులు తెరవడానికీ ఓ లెక్కుందండీ. అది ఆవిడకు తట్టి ఉండదు. ఇది పూర్తి చేసి వెళ్లి చెప్పాలి. తుర్కయంజాల్ బస్సు ఎల్‌బీనగర్‌లో ఎక్కడ ఆగుతుంది?”

పుస్తకం ఇచ్చి, తిరిగి తీసుకుంటే మా పని పూర్తయినట్టేనని శిక్షణలో నేర్చుకున్నాను. చదివినవాడికి కాదనే మనిషి కూడా కావాలని ఈ ఇద్దరి వల్ల తెలిసింది. అప్పటి నుంచి పదవీ విరమణ దాకా, ఎవరైనా పుస్తకం తిరిగిస్తూ బాగుందంటే, అంత ఏముంది అందులో అని అడిగేవాణ్ని. చాలామంది సంచి కింద పెట్టి మరీ జవాబు చెప్పేవారు.