ముంచకూడని డుంగీ

వీరేంద్రకి బొమ్మలు గీయడం రాదు. ఇరవై నాలుగేళ్లొచ్చినా అతని చేతిలో గుర్రం బల్లలా తయారవుతుంది. మిగతావన్నీ తనంతట తనే నేర్చుకున్నాడు. అండమాన్‌లోని హాడో క్వార్టర్స్‌లో హార్బర్ గుమాస్తా తిరుమలరావు కొడుకుగా పెరిగి, బీకాం రెండో ఏడు మధ్యలో వదిలేసి, లైబ్రరీలో దొరికిన ప్రతి పుస్తకాన్నీ, ఫోన్‌లో దొరికిన ప్రతి పాఠాన్నీ నమిలి మింగాడు. చదువు ఒంటికి పట్టింది కానీ చేతికి సర్టిఫికెట్ రాలేదు. సర్టిఫికెట్లు ఉన్నవాళ్లకి తనకి తెలిసినదాంట్లో సగం కూడా తెలియదని అతని గట్టి నమ్మకం. పొద్దున లేచింది మొదలు ఆ నమ్మకం కడుపులో మంటలా రగులుతూ ఉండేది. ఒకచోట కుదురుగా కూర్చోనిచ్చేది కాదు.

మిడిల్ పాయింట్‌లో గణేశ్వరరావు నడిపే కంప్యూటర్ సెంటర్‌లో ఎనిమిది నెలలుగా పిల్లలకి కోడింగ్ చెబుతున్నాడు. రంగురంగుల బ్లాకుల్ని ఒకదాని కింద ఒకటి పేర్చి బొమ్మల్ని కదిలించే చదువది. ఎనిమిది నెలలైనా ఉద్యోగం మాత్రం టెంపరరీయే.

"దేఖో వీరేంద్రా," అన్నాడు గణేశ్వరరావు సోమవారం నాడు. "చెన్నైలో చదివొచ్చిన అమ్మాయొకామె అప్లికేషన్ పెట్టింది. శనివారం జంగ్లీఘాట్ నుంచి తల్లిదండ్రులు వస్తున్నారు. నీ గేమ్ చూసి నలుగురు పిల్లల్ని చేర్పిస్తే ఈ కుర్చీ నీది. లేదంటే ఆవిడది. సమఝా?"

"నేను పాఠం ఎలా చెబుతానో చూడరా సర్?"

"పాఠం కంటికి కనిపించదు కదా నాయనా! గేమ్ కనిపిస్తుంది."

వచ్చేవాళ్లందరూ చేపల వేటవాళ్లు. అందుకే వేట పడవ గేమ్ అనుకున్నాడు. రాళ్లు తప్పించుకుంటూ చేపలు పట్టాలి, రాయి తగిలితే పడవ బుడబుడమని మునిగిపోవాలి. బ్లాకులన్నీ ఒక్క పూటలో పేర్చేశాడు. పడవే లేదు.

గీయడం రానివాళ్లకి ఆ కోడింగ్ సైటులో ఒక దారి ఉంది. అక్కడ ఎవరు పంచుకున్న ప్రాజెక్టునైనా ఎవరైనా తెరవచ్చు. లోపలి బొమ్మని లాగి, తెర అడుగునున్న సంచిలో వేసుకుని, తమ ప్రాజెక్టులో దించుకోవచ్చు. వీరేంద్ర రెండు రోజులు వెతికాడు. తెల్ల తెరచాపల ఓడలు దొరికాయి, ఒంటికన్ను దొంగలు దొరికారు. పసుపు రెయిన్‌కోటు తొడుక్కుని గాలం పట్టుకున్న దొరలూ దొరికారు. ఒక్కొక్కటీ చూస్తున్నకొద్దీ ఒళ్లు మండింది. ఇంత ప్రపంచంలో మన సముద్రాన్ని ఒక్కడూ గీయలేదా అని మౌస్‌ని బల్లకేసి కొట్టాడు. చివరికి, ఇంజను బిగించిన చిన్న పడవని అండమాన్‌లో అందరూ పిలిచే పేరుతోనే, డుంగీ అని వెతికాడు.

ఒకటే వచ్చింది. నీలం రంగు డుంగీ, నడుముకి పసుపు పట్టీ, ముక్కు మీద ఎదురెదురుగా రెండు తెల్లచేపలు. ఇంజను పక్కన చిల్లుపడిన ప్లాస్టిక్ డబ్బాతో సహా గీశారు. చూసి గీసిన చెయ్యి అది. కింద నోట్స్ గడిలో తెలుగులో నాలుగు లైన్లున్నాయి. వీరేంద్ర చదివింది హిందీ మీడియం. ఇంగ్లిషు గడగడా చదువుతాడు కానీ తెలుగు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. థాంక్యూ అని రాసుంటారులే అనుకుని బొమ్మని సంచిలోకి లాగేశాడు. బొమ్మ గీసినవాళ్ల పేరు తప్పకుండా రాయాలని వారం వారం పిల్లలకి చెప్పే మనిషి కాబట్టి, ఆ ప్రాజెక్టు మీదున్న 'చేపపిల్ల13' అన్న మారుపేరుని మాత్రం తన గేమ్ కింద అతికించాడు.

శనివారం సాయంత్రం నాలుగింటికి గది నిండింది. గోడంత తెర మీద నీలం డుంగీ బయల్దేరింది. మూడు చేపలు పడ్డాయి. నాలుగో చేప దగ్గర వీరేంద్ర కావాలనే రాయి తగిలించాడు. డుంగీ పక్కకి ఒరిగి, బుడబుడమంటూ అడుక్కి వెళ్లిపోయింది. ముందు వరసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసల్లో ఒక్క చెయ్యీ కదల్లేదు.

"ఆపు బాబూ! ఆపీ!" అంటూ ఒకావిడ లేచి నిలబడింది. జంగ్లీఘాట్‌లో చేపలమ్మే గవరమ్మ. "అది మా డుంగీ. ఎవులిచ్చేరు నీకు?"

"ఇంటర్నెట్‌లోదమ్మా. ఎవరైనా వాడుకోవచ్చు," అన్నాడు వీరేంద్ర. గొంతులో విసుగు దాచుకోలేకపోయాడు.

గవరమ్మ పక్కనున్న కూతురి వైపు తిరిగింది. ఎనిమిదో తరగతి చదువుతున్న సుష్మ తల వంచుకుంది.

"నువ్వేనేటే గీసినావు? సముద్రంలో పోయిన బోటు రంగు మరో బోటుకి ఎయ్యరని తెల్దా నీకు? మీ నాన్న డుంగీని ఊరోళ్లకి పంచీసినావా?"

"స్కూల్ కంప్యూటర్‌లో పెట్టేనమ్మా, అంతే. ఎవరి గేమ్‌లోనైనా తిరుగుతా ఉంటాదని." సుష్మ వీరేంద్ర వైపు చూసింది. "కింద రాసేను కదా భయ్యా. చదవలేదా?"

చదవలేదా అన్న మాట ఈ ఊళ్లో ఇంతవరకూ వీరేంద్రని ఎవరూ అడగలేదు. అడగాల్సి వస్తే అతనే అడిగేవాడు. ఆ నాలుగు లైన్లూ తెర మీద తెరిచి, అందరి ముందూ, ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. 'ఇది మా నాన్న డుంగీ. రెండేళ్ల కిందట నాన్న, డుంగీ వేటకెళ్లి తిరిగి రాలేదు. ఎవరైనా తీసుకోండి. ఎక్కడికైనా తిప్పండి. ముంచకండి.'



గణేశ్వరరావు వీరేంద్ర చెవి దగ్గరికొచ్చి, "రంగు మార్చెయ్. నీలం తీసి ఎరుపు పోసెయ్. జల్దీ!" అన్నాడు.

రెండు నొక్కుల పని. వీరేంద్ర నొక్కాడు కూడా. డుంగీ ఎర్రబడింది. తెల్లచేపలు రెండూ అలాగే ఎదురెదురుగా ఉన్నాయి, చిల్లు డబ్బా కూడా అక్కడే ఉంది. అతని చెయ్యి ఆగిపోయింది. డుంగీ మొత్తాన్నీ గేమ్‌లోంచి చెరిపేశాడు.

"ఇంకో పడవ గీసిస్తావా?" అని సుష్మని అడిగాడు. "ఎవరిదీ కానిది."

"మునగడానికైతే నాను గియ్యను."

ఇక దిక్కులేక తనే మొదలుపెట్టాడు. మొదటి గీతకే వెనక నుంచి నవ్వు వినపడింది.

"సారూ, అది చెప్పులా ఉన్నాదండీ!" అన్నాడు బంగారురాజు అనే పెద్దాయన.

"ముక్కు లేపు బాబూ, పైకి! అదీ... అరె, అంత కాదు!"

"ఇంజను ముందెడతావేటి భయ్యా? ఎనక్కెల్తాదా మరి?"

వీరేంద్ర చెవులు కాలిపోయాయి. లేచి బయటికి వెళ్లిపోదామనుకున్నాడు. వెళ్తే కుర్చీ పోతుంది. పళ్లు బిగబట్టి గీశాడు. ఆఖరికి తేలింది పడవో చెప్పో తేల్చుకోలేని వస్తువు. దాన్ని రాయికి గుద్దించాడు. అది మునుగుతుంటే ఈసారి వెనక వరసలవాళ్లు కూడా పకపకా నవ్వారు. గవరమ్మ నవ్వలేదు కానీ కూర్చుంది.

ఆరింటికి గది ఖాళీ అయింది. ఫారాలు నింపినవాళ్లు ఇద్దరే.

"నలుగురన్నాను," అన్నాడు గణేశ్వరరావు. "మాటంటే మాటే. సోమవారం నుంచి ఆ అమ్మాయి వస్తుంది. నువ్వు ఈ నెలాఖరు దాకా ఉండి పిల్లల్ని అప్పజెప్పు."

వీరేంద్ర గేమ్ మూసేయబోతుంటే గుమ్మం దగ్గర ఇంకా గవరమ్మా సుష్మా నిలబడి ఉన్నారు.

"మా డుంగీని ఇంకా ఏడుగురు తీసుకున్నారంట. పిల్ల సెప్పింది," అంది గవరమ్మ. "ఎక్కడెక్కడ తిరగతందో సూపిత్తావా?"

"సెంటర్ మూసేస్తున్నారమ్మా."

"నాకు కంప్యూటర్ సూడ్డం రాదు కదా బాబూ."

వీరేంద్ర తాళాలు పట్టుకుని నిలబడ్డ గణేశ్వరరావుని చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, బల్ల మీది కంప్యూటర్ తెరని తనవైపు తిప్పుకున్నాడు. మొదటి ప్రాజెక్టు తెరిచి ముందు లోపలి బ్లాకులన్నీ చదివాడు. ఎక్కడా మునగడం లేదు. అప్పుడు తెర గవరమ్మ వైపు తిప్పాడు. ఎవరో కుర్రాడు డుంగీని చంద్రుడి మీదకి పంపాడు. నక్షత్రాల మధ్య వలేసి నిలబడి ఉందది.

"గాలి ఉంటాదా అక్కడ?" అడిగింది గవరమ్మ.

"ఉండదు."

"మరి అల కూడా ఉండదు," అంది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"వీరేంద్రా, తాళం!" అన్నాడు గణేశ్వరరావు.

"ఇంకా ఆరున్నాయి సర్," అంటూ వీరేంద్ర తెరని మళ్లీ తనవైపు తిప్పుకుని రెండోదాని బ్లాకులు చదవడం మొదలుపెట్టాడు.